ఫోన్‌లో పద్యపాదం విరిగిపోతోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మా నాన్నగారు రిటైరైన తెలుగు మాస్టారు. ఆయన రాసిన పద్యాల కోసం ఒక చిన్న వెబ్‌సైట్ కడదామని రెండు నెలలుగా వెబ్ పేజీలు కట్టే హెచ్‌టీఎంఎల్, వాటి రూపం దిద్దే సీఎస్‌ఎస్ నేర్చుకుంటున్నాను. సైట్ పెట్టడం గిట్‌హబ్ పేజెస్ అనే ఉచిత సేవలో, ఖర్చేమీ లేదు. వాడిన తెలుగు ఫాంట్ పేరు 'మండలి'.

మొదట్లో 'రాష్ట్రం', 'స్త్రీ' లాంటి మాటల కింది వత్తులు తర్వాతి వరుసకు తగిలేవి. వరుసల ఎత్తు (లైన్ హైట్) 1.2 నుంచి 1.8 చేశాక సర్దుకుంది. పైన ఎనిమిది బటన్లు పెడితే అమ్మకు ఏది నొక్కాలో తెలియలేదు, మూడే ఉంచాను.

అసలు ఇబ్బంది ఇది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు. కంప్యూటర్‌లో చక్కగా ఒకే వరుసలో ఉంటుంది, ఫోన్‌లో మాత్రం చివరి మాట ఒక్కటే కిందికి జారుతోంది. నాలుగు పాదాలు ఏడెనిమిది వరుసలై, ఎక్కడ పాదం ముగిసిందో తెలియడం లేదు. అక్షరాలు చిన్నవి చేస్తే నాన్నగారికి కనిపించవు. పేజీని ఫోన్ వెడల్పుకు సర్దే వ్యూపోర్ట్ ట్యాగ్ పెట్టే ఉంది.

జారిన ముక్కను కాస్త లోపలికి జరిపి చూపించాలా, లేక పద్యాన్ని పక్కకు జరుపుకుంటూ చదివేలా పెట్టాలా? పెద్దవాళ్లకు ఏది తేలికగా ఉంటుంది? సీఎస్‌ఎస్‌లో ఎలా రాయాలో కూడా చెప్పండి. ఆయన పుట్టినరోజుకి చూపించాలని నా ఆశ.