బ్రెయినార్డ్ ఆ అడవి ప్రయాణం ఒంటరిగానే చేశాడా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. అమెరికాలో స్థానిక తెగల మధ్య సువార్త చెప్పిన మిషనరీ డేవిడ్ బ్రెయినార్డ్ డైరీ చదువుతున్నాను. 1744 అక్టోబర్‌లో డెలావేర్ నది దగ్గర్నుంచి సస్క్వెహన్నా నదికి వెళ్ళిన భాగం దగ్గర ఆగిపోయాను. 26 ఏళ్ళ మనిషి, అంతకుముందే దగ్గితే రక్తం పడిన ఒళ్ళు, కొండలూ బండలూ తప్ప సరైన దారి కూడా లేని చోటికి ఎలా బయల్దేరాడో అర్థం కావట్లేదు. ఒంటరిగా అడవిలోకి వెళ్ళాడనే చిన్నప్పటి నుంచీ ప్రసంగాల్లో విన్నాను. నిజమేనా?

జవాబు:
ఒంటరిగా కాదండి, ఐదుగురు వెళ్ళారు. ఆయన, బైరం అనే ఇంకో పాస్టర్, దుబాసీ, లెనాపే అనే స్థానిక అమెరికన్ తెగ పెద్దలు ఇద్దరు. రెండో రోజు పొద్దు వాలుతుండగా ఆయన ఎక్కిన గుర్రం కాలు రాళ్ళ సందులో ఇరుక్కుని ఆయనతో సహా పడిపోయింది. ఆయనకేం కాలేదు గానీ దాని కాలు విరిగింది. 30 మైళ్ళ దాకా ఇల్లన్నదే లేదు, చేసేదేం లేక దాన్ని చంపేసి నడక మొదలుపెట్టాడు. ఆ రాత్రి పొదలు నరికి నెత్తిమీద కప్పులా వేసుకుని, మంట వేసుకుని, గడ్డకట్టే చలిలో నేలమీదే పడుకున్నారు. నేను ఆ పేజీ ఎన్నిసార్లు చదివానో.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండి. ఆ దుబాసీ ఎవరు?

జవాబు:
మోజెస్ టాటమీ. లెనాపే మనిషే, అప్పటికి 50 ఏళ్ళ వయసు. బ్రెయినార్డ్ ఎక్కువగా 'నా దుబాసీ' అనే రాస్తాడు కాబట్టి మన కంటికి ఆనడు, కానీ ఆయన చెప్పిన ప్రతి ప్రసంగమూ ఇతని నోటి మీదుగానే వాళ్ళకు చేరింది. ఇంకో సంగతి చూడండి. ఈ ప్రయాణానికి 7 ఏళ్ళ ముందు, 1737లో, 'ఒకటిన్నర రోజులో మనిషి నడిచినంత నేల' అనే పాత ఒప్పందం చూపించి, ముందే దారి నరికించి, వేగంగా నడిచేవాళ్ళను కూలికి పెట్టి, పెన్సిల్వేనియా స్థాపించిన విలియం పెన్ కొడుకులు లెనాపేల భూమి లాగేసుకున్నారు. ఒకడు 60 మైళ్ళు దాటిపోయాడు. అలా మోసపోయినవాళ్ళ దగ్గరికి ఇంకో తెల్లవాడు వచ్చి దేవుడి గురించి చెప్తానంటే ఎవరు నమ్ముతారు? పక్కన టాటమీ ఉండబట్టే కూర్చుని విన్నారని నా నమ్మకం. 1745 జులై 21న అతనూ భార్యా బాప్తిస్మం తీసుకున్నారు.

జవాబు:
చివరికి చేరిన ఊళ్ళో ఉన్నవి 12 ఇళ్ళు. వేటకు బయల్దేరబోతున్నవాళ్ళు ఈయన మాట వినడానికి ఆగారు. ఎవరూ పిలవకుండా వచ్చిన మనిషి కోసం వేట ఆపుకున్నారు, అది కూడా చలికాలం ముందు. ప్రసంగాల్లో ఈ సంగతి చెప్పరెందుకో! మూడేళ్ళకే, 1747లో, క్షయతో జొనాథన్ ఎడ్వర్డ్స్ అనే పాస్టర్ ఇంట్లో బ్రెయినార్డ్ చనిపోయాడు. 29 ఏళ్ళు. ఆ డైరీని 1749లో అచ్చు వేయించింది ఎడ్వర్డ్సే, తర్వాత మిషనరీ విలియం కేరీ దాన్నే చదివి మన దేశానికి వచ్చాడు.