1 తరవాత 10: లిస్ట్‌డిర్ ఇచ్చే ఫైళ్ళ వరస ఎలా సరిచెయ్యాలి?

ప్రశ్న (కాళ్ళ మండలం నుంచి):

మాకు వనామీ రొయ్యల చెరువులున్నాయండి. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకి ఆక్సిజన్, పీహెచ్ కొలిచి చెరువుకో ఎక్సెల్ ఫైల్లో ఎక్కిస్తాను. పేర్లు చెరువు1, చెరువు2 అలాగ. పైథాన్‌లో ఓఎస్.లిస్ట్‌డిర్‌తో ఆ ఫోల్డర్‌లో పేర్లన్నీ తెచ్చి, ఒక్కో ఫైలూ తెరిచి, ఆఖరి రీడింగుకి 1, 2, 3 అని వరస నంబరు వేసి నాన్న ఫోనుకి పంపుతాను. రెండేళ్ళలో ఒక్కసారీ తేడా రాలేదు.

ఈ పంటకి ఇంకో మూడు చెరువులు లీజుకి తీసుకున్నాం, మొత్తం 12. మొన్న 5వ నంబరుకి ఆక్సిజన్ 3.1 అని వచ్చింది. నాన్న పరిగెత్తుకెళ్ళి ఐదో చెరువులో ఏరియేటర్లన్నీ (నీళ్ళకి గాలి పట్టించే మోటార్లు) వేశారు. నిజానికి తగ్గింది రెండో చెరువులో. రొయ్య పైకి తేలడం చూసి గట్టు మీది కుర్రాడు కేకేశాడు కాబట్టి బతికిపోయాం.

తరవాత లిస్టు ప్రింట్ చేసి చూస్తే చెరువు1, చెరువు10, చెరువు11, చెరువు12, చెరువు2. వరస పెట్టే సార్టెడ్ ఫంక్షన్ వాడినా ఇదే వరస. తప్పెక్కడుంది?

జవాబు (అమలాపురం నుంచి):

తమ్ముడూ, పంట దక్కింది, అదే పదివేలు.

లిస్ట్‌డిర్ ఫలానా వరసలో ఇస్తానని ఎక్కడా మాట ఇవ్వలేదు. ఎలాగైనా రావచ్చని పైథాన్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. నీది విండోస్ లాప్‌టాప్ అయ్యుంటుంది. అక్కడ పేర్లు మామూలుగా అక్షర క్రమంలో వస్తాయి. అదే లైనక్స్ మీద పెడితే 7, 3, 11 అని కలగాపులగంగా రావచ్చు.

సార్టెడ్ పేర్లని అక్షరం అక్షరం పోలుస్తుంది. ‘చెరువు’ దాకా రెండూ ఒకటే. ఆ తరవాత 10లో మొదటి అంకె 1, అది 2 కంటే ముందు. అందుకని పేరులోంచి అంకెలు విడదీసి, ఇంట్‌తో సంఖ్యగా మార్చి, దాన్ని సార్టెడ్‌కి కీగా (దేన్ని బట్టి వరస పెట్టాలో చెప్పేది) ఇవ్వు. 01, 02 అని పేర్లు మార్చినా చాలు.

కానీ అక్కడితో వదిలెయ్యకు. రేపు మూడో ఫైలు పొరపాటున డిలీట్ అయితే నాలుగోది మూడో నంబరులోకి జరుగుతుంది, మళ్ళీ ఇదే గొడవ. చెరువు నంబరు ఫైలు పేరులోంచే రావాలి, లిస్టులో ఎన్నోది అన్న లెక్కలోంచి కాదు.

జవాబు (రాజోలు నుంచి):

పై అన్నగారి చివరి మాట బంగారం అండి. ఇంకోటి కూడా చూసుకోండి. ఎక్సెల్‌లో ఫైలు తెరిచి ఉంటే అదే ఫోల్డర్‌లో టిల్డా (~), డాలరు ($) గుర్తులతో మొదలయ్యే చిన్న ఫైలు పుడుతుంది. విండోస్ దాన్ని దాచేస్తుంది, లిస్ట్‌డిర్ దాచదు. లోపలి ఫోల్డర్ల పేర్లు కూడా ఇచ్చేస్తుంది. పైథాన్ 3.5 నుంచి ఓఎస్.స్కాన్‌డిర్ ఉంది, అది ఇచ్చే ప్రతిదాన్నీ ఈజ్‌ఫైల్ (ఇది ఫైలేనా) అని అడగొచ్చు. టిల్డా పేర్లని మాత్రం మీరే తీసెయ్యాలి.

మళ్ళీ కాళ్ళ మండలం నుంచి:

అన్నా, అండీ, ఇద్దరికీ దణ్ణాలు. రాత్రే మార్చేశాను, నంబరు పేరులోంచే తీస్తున్నాను. నర్సరీ చెరువు ఫైలు పేరులో అంకె లేక ప్రోగ్రాం అక్కడ ఆగిపోయింది. దానికి చెరువు13 అని పేరు పెట్టాను. ఈ వేళ పొద్దున్న రెండో చెరువు 4.6 అని వచ్చింది. మీటరు పట్టుకెళ్ళి మళ్ళీ ముంచి చూశాను, 4.6.