రేంజ్ లైట్స్‌ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న: అమెరికాలో సుపీరియర్ సరస్సు ఒడ్డునున్న డులూత్ రేవు మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. రేవులోకి వెళ్లే కాలువ మొదట్లో మూడు పాత లైట్‌హౌసులున్నాయి. మూడింటికీ ‘దీపస్తంభం’ అనే రాశాను. కానీ దక్షిణపు గట్టు మీది రెంటినీ కలిపి మూలంలో ‘రేంజ్ లైట్స్’ అన్నారు. ‘శ్రేణి దీపాలు’ అంటే సరిపోతుందా?

జవాబు: శ్రేణి వద్దండీ. ఆ మాట వినగానే పదో ఇరవయ్యో దీపాలు బారుగా ఉన్నట్టు తోస్తుంది. ఇక్కడున్నవి రెండే, ఆ రెంటికీ ఒకటే పని.

ముందుది పొట్టిది, వెనకది పొడుగుది. సరస్సులోంచి వచ్చే కెప్టెన్‌కి రెండూ ఒకదాని మీద ఒకటి నిలబడినట్టు కనిపిస్తే ఓడ సరిగ్గా ఆ గీత మీద ఉన్నట్టు. పొట్టి దీపం ఎడమకి జరిగి కనిపిస్తే ఓడ కుడికి పోయినట్టు, కుడికి జరిగితే ఎడమకి పోయినట్టు. దిక్సూచి చూడక్కర్లేదు, లెక్క కట్టక్కర్లేదు, కంటికి తెలిసిపోతుంది. తుపాకీ గొట్టం మీద ముందు గుబ్బ, వెనక గాడి ఒకే గీతలోకి తెచ్చుకున్నట్టే.

అందుకే నా ఓటు గురిదీపాలు. ‘ఆ వైద్యుడి మీద నాకు గురి’ అంటాం కదా, నమ్మకమనే ఆ అర్థం కూడా ఇందులో కలిసొస్తుంది. తుఫాను రాత్రి ఓడ నడిపేవాడికి ఆ రెంటి మీద ఉండాల్సింది అదే.

మరొకరు: మాట బాగుంది కానీ, గురి అంటే లక్ష్యం కూడా కదా. ఓడ నేరుగా దీపం మీదికే పోవాలనుకోరూ పాఠకులు?

జవాబు: మంచి సందేహం. డులూత్‌లో అయితే ఇది మరీ ముఖ్యం. రెండు దీపాలూ దక్షిణపు గట్టు మీదే ఉన్నాయి కాబట్టి ఆ గీతనే పట్టుకుని వస్తే ఓడ గట్టుకే కొట్టుకుంటుంది. ఆ గీత చెప్పేది దక్షిణపు గోడ ఎక్కడుందో, ఎటు సాగుతోందో. దానికి కాస్త ఉత్తరంగా ఉంటూ లోపలికి రావాలి. కానీ ‘గురి చూసుకోవడం’ అన్నప్పుడు అది కంటి పనే కదా, ఓడ పని కాదు. ఆ అర్థంలో మాట నిలుస్తుంది.

1871లో తవ్విన ఆ కాలువ వెడల్పు ఇప్పుడు 300 అడుగులు. సరస్సు పోటెత్తినప్పుడు అది ఎంత ఇరుకో మాటాఫా అనే ఓడ కథ చెబుతుంది. 1905 నవంబరు 28న, పట్టపగలే, లోపలికి రాబోయి ఉత్తరపు గట్టుకి గుద్దుకుని విరిగింది. ఒడ్డున జనం చూస్తుండగానే, ఎవరూ దగ్గరికి పోలేక, తొమ్మిది మంది చనిపోయారు. ఇప్పుడున్న గురిదీపాలు రెండూ 1901 నాటివి. ఉత్తరపు గట్టు చివరి దీపం వెలిగింది 1910లో. వ్యాసంలో ఈ క్రమం చెడనివ్వకండి.

ప్రశ్న అడిగినవారు: అర్థమైందండీ. మరి ఆ ఉత్తరపుదాన్ని దీపస్తంభం అనొచ్చా?

జవాబు: నిక్షేపంగా. జంట లేనిది, గట్టు చివర నిటారుగా నిలిచిన బురుజు. దక్షిణాన లోపలిదానికి మాత్రం ఆ మాట అతకదు. అది ఇనుప చట్రం, మధ్యలో మెట్లున్న గొట్టం. దాన్ని ‘వెనక గురిదీపం’ అనండి, బయటిదాన్ని ‘ముందు గురిదీపం’. సరస్సు వైపు నుంచి చూసేవాడికి ఏది ముందో ఏది వెనకో ఒక్కసారి చెబితే చాలు. బయటిది ఆకుపచ్చగా, ఉత్తరపుది ఎర్రగా వెలుగుతాయని కూడా రాయండి. లోపలికి వచ్చేటప్పుడు ఎరుపు కుడిచేతి వైపు ఉండాలన్నది అక్కడి నియమం.