ఒకే ట్రాలీ, మూడు ఓలావాలు: మీటర్ తప్పా, గుచ్చిన జాగ తప్పా?

కోర్పన_కాపూస్:
రామ్ రామ్ అందరికి. మొన్న సోమవారం ట్రాలీ నిండ పత్తి నింపుకోని ఒక ప్రైవేట్ జిన్నింగ్ మిల్లుకు పోయిన, పేరు వద్దు లెండి. పొద్దుగాల ఎనిమిదిన్నర, మంచు ఇంక ఆరలే. అక్కడి పిలగాడు వెనక డాలా దింపి అంచుకున్న పత్తిల మీటర్ రాడ్ గుచ్చి, ఎడమ చెయ్యితోని మీదికెళ్లి గట్టిగ అదిమిపట్టిండు. 14.2. "ఓలావా జాస్త్ ఆహే" అన్నడు (తెల్వనోళ్లకు, ఓలావా అంటే మన తేమనే, అది ఎక్కువున్నదని). అటుదిక్కు చూడు భావు అంటె ట్రాలీ ఎక్కి పైన ఊరికె గుచ్చి తీసిండు, 11.6. నాకు మండి నా మీటర్ తీసిన, పోయిన దసరాకు ఆన్‌లైన్ల తెప్పిచ్చిన, మోచేతి దాక చెయ్యి పెట్టి గుచ్చితే 10.3.

సీసీఐ (పత్తి కొనే సర్కారు సంస్థ) లెక్క అందరికి ఎరికే, తేమ 8 దాటితే పాయింటుకో శాతం ధరల కోత, 12 దాటితే కొననే కొనరు, ఈ జిన్నింగ్ ఆయన గూడ అదే లెక్క పట్టుకున్నడు. అంటె ఒకే ట్రాలీ ఒక మీటర్‌కు వాపస్, ఇంకో మీటర్‌కు పాస్. ఆఖరికి 11.6కు తెగ్గొట్టి అమ్మిన. నేననేది ఇదంత మీటర్ల తప్పే, ఊరికొక మంచి మీటర్ చందాలేసి కొనాలె. మీరేమంటరు?

సాస్తి_ఇన్‌స్ట్రుమెంట్:
అన్నా, పైసలు దండుగ. మీటర్ కంటె ముందు జాగ చూడాలె. నేను ప్లాంట్ల టెంపరేచర్ ప్రోబ్‌లు చూసేటోణ్ని, స్టీమ్ పైపుల థర్మోవెల్ అని ఒక మూసుకున్న గొట్టం ఉంటది, అండ్ల థర్మోకపుల్ (వేడి కొలిచే రాడ్) అడుగు తాకేదాక దిగాలె, నాలుగు వేళ్లు పైన ఆగిందనుకో అది స్టీమ్‌ది చెప్పది, ఎందుకంటె వేడి ఆ రాడ్ పొంటనే బయటికి పారుతది, స్టీమ్‌కు బయటి గాలికి నడుమల ఏదో ఒక నంబర్ చూపెడతది. ఒకపారి గిట్లనే రీడింగ్ తక్కువస్తున్నదని రెండుసార్లు కొత్త ప్రోబ్ ఏసినం, రెండు కొత్తయి గూడ తప్పే చెప్పినయ్. మూడోసారి ఎవడో పొడుగు కొలిచి చూస్తే పొట్టి ప్రోబ్ తెచ్చిండ్రు స్టోర్ నుంచి. ప్రోబ్ ఖరాబ్ లేదు, దిగాల్సిన కాడికి దిగలే.

నీ మూడు రీడింగులు గూడ మూడు జాగలయి. అంచుకు మంచు పట్టిన పత్తి, పైన గాలికి ఆరిన పత్తి, లోపల నిన్న ఎండల ఏరిన పత్తి. మూడు రీడింగులు నిజమే అయి ఉండొచ్చు.

దోఖా_బంద్:
ఏం నిజం తమ్మీ, నిజమైతె ఎప్పుడు కొనేటోళ్ల దిక్కే ఎందుకు వాలుతది. 14 వచ్చిన కాడ ఆగుతడు, 10 వచ్చిన కాడ మల్ల గుచ్చుతడు. దీనికి సైన్స్ ఎందుకు.

సాస్తి_ఇన్‌స్ట్రుమెంట్:
అదే గద కాకా నేను చెప్పేది, జాగ వాడు ఎంచుకుంటె నంబర్ గూడ వాడే ఎంచుకున్నట్టు. కొత్త మీటర్ కొనిస్తె కొత్త మీటర్‌తోని ఎంచుకుంటడు.

పాత_గ్రేడర్:
నేను ఇరవై సీజన్లు గీ మీటర్ గుచ్చే పనే చేసిన, ఇప్పుడు బంద్ చేసిన కాబట్టి చెప్తున్న, తిట్టేటోళ్లు తిట్టుండ్రి. పత్తి మీటర్ల చానవరకు కరెంట్ ఎంత పారుతదో చూసేటియే. రాడ్ కొసకు రెండు లోహపు పట్టీలుంటయ్, వాటి నడుమ పత్తి ఉంటది, తేమ ఎక్కువైతె కరెంట్ ఎక్కువ పోతది, గంతే. ఇగ అదిముడు కత వినుండ్రి. వదులు పత్తిల పోగులు ఒకదానికొకటి అంటుకోవు, రీడింగ్ తక్కువొస్తది. పిడికిలితోని అదిమితే అదే పత్తి, అదే మీటర్, ఒకటిన్నర రెండు పాయింట్లు ఎక్కుతది, నేను నా చెయ్యితోని చూసిన. గందుకే కొన్ని మీటర్లకు పత్తి వేసి ఒక్కతీరుగ నొక్కే కప్పు ఇస్తరు. రాడ్ రకంల ఆ నొక్కుడు మన చెయ్యి మీద ఉంటది, చెయ్యి మనసు మీద ఉంటది.

రైతులు గూడ తక్కువోళ్లు కాదు. మీద ఎండిన పత్తి జానెడు పరిచి కింద నీళ్లు చల్లిన పత్తి పెట్టినోళ్లను మస్తుమందిని చూసిన. గందుకే మేం అంచు, అడుగు గుచ్చుడు నేర్సుకున్నం. కోర్పన తమ్మీ నిన్ను అంటలేను.

కోర్పన_కాపూస్:
అంటలేనని అంటనే అన్నరు కాకా 😀 సరే, అదిమితే పెరుగుతదని నాకు ఇయ్యాలే తెల్సింది.

బల్లార్షా_టీచర్:
నేను ఫిజిక్స్ చెప్తాను, పత్తి గురించి పెద్దగా తెలీదు కానీ ఒక్క మాట. ఇక్కడ అందరూ "14.2 శాతం" అంటున్నారు, దేంట్లో శాతం? తేమని తడి పత్తి మొత్తం బరువులో శాతంగా చెప్పొచ్చు, లేదా నీళ్లు తీసేసిన ఎండు బరువు మీద శాతంగా చెప్పొచ్చు, మిల్లుల వాళ్లు రెండోదాన్ని రీగెయిన్ అంటారు. 100 గ్రాముల ఎండు పత్తిలో 12 గ్రాముల నీళ్లుంటే రీగెయిన్ 12, మొదటి లెక్కలో 10.7 మాత్రమే. కాబట్టి మీ ఇద్దరి మీటర్లు చెరో లెక్కలో చూపిస్తే సగం గొడవ అక్కడే. మీ మీటర్ పుస్తకంలో ఏముందో చూశారా?

ఇంకోటి, ఇలాంటి మీటర్‌కి వేడి కూడా లెక్కే. పత్తి వేడెక్కితే అదే తేమకి కరెంట్ ఎక్కువ పారుతుంది, సవరణ లేని మీటరైతే మధ్యాహ్నం కుప్పలో ఎక్కువ చూపిస్తుంది.

ఇక మీటర్ మార్చితే బాగుపడుతుందా అంటే, ఎండల కథే చూడండి. లిబియాలో అల్ అజీజియా అనే ఊళ్లో 1922 సెప్టెంబర్ 13న 58 డిగ్రీలు అని రాశారు, తొంభై ఏళ్లు ప్రపంచ రికార్డు అదే. 2012లో ప్రపంచ వాతావరణ సంస్థ కొట్టేసింది. అక్కడ మామూలు థర్మామీటర్ బదులు గుర్తు పిన్ను ఉండే వేరే రకం వాడారు, దానికి అలవాటు లేని మనిషి పిన్ను రెండో కొస చదివి ఉంటాడని తేల్చారు, పైగా కింద నేల తారులాంటి నల్లటిది. పరికరం రకం, పెట్టిన చోటు, చదివే మనిషి, మూడూ కలిసి రికార్డు పుట్టించాయి.

దోఖా_బంద్:
లిబియా దాక ఎందుకు మేడం, 2024 మే 30న మన నాగపూర్‌ల ఒక మిషిన్ 56 డిగ్రీలు చూపెట్టలేదా, ఊరంత ఫోన్లల్ల తిరిగింది, తెల్లారి సెన్సర్ ఖరాబ్ అన్నరు. అంతకు ముందు రోజు ఢిల్లీ ముంగేష్‌పూర్‌ల 52.9, అది గూడ సెన్సర్ 3 డిగ్రీలు ఎక్కువ చూపెట్టిందని తర్వాత వాతావరణ శాఖోళ్లే చెప్పిండ్రు. అంటె మీటర్లు గూడ తప్పుతయ్. జాగ జాగ అని మీటర్‌ను వదిలేయకుండ్రి.

సాస్తి_ఇన్‌స్ట్రుమెంట్:
అది ఒప్పుకుంట. గని ఆ తప్పు ఎట్ల దొరికింది? పక్కన పాతరకం మంచి థర్మామీటర్ పెట్టి పోల్చితె దొరికింది. ఒక్క మీటర్ ఒక్కతే ఉంటె అది తప్పో ఒప్పో దానికే తెల్వది.

సిరొంచ_వరి:
మా దిక్కు వడ్లకు గూడ ఇదే లొల్లి, అక్కడ 17 దాటొద్దు. మాకైతె బస్తా నడుమల గొట్టం గుచ్చి తీసిన గింజలు వేరే, మూతి కాడ పిడికెడు తీసిన గింజలు వేరే. మూతి కాడియే ఎండుంటయ్, గందుకే మేం మూతి కాడియే చూపెడతం 😄

పాత_గ్రేడర్:
చూసిండ్రా, ఇగ దొంగ ఎవరో తేల్సుండ్రి.

బల్లార్షా_టీచర్:
అసలు సంగతి తేల్చాలంటే మీటర్ లేకుండా తేల్చొచ్చు. కొద్దిగా పత్తి తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఉంచి మళ్లీ తూచడం. తగ్గిందంతా నీళ్లే. మా కాలేజీ ల్యాబ్‌లో ఓవెన్ ఉంది, అడిగి చూస్తాను. కానీ గింజతో ఉన్న పత్తి ఆరడానికి చాలాసేపు పడుతుంది, పైగా గింజలో తేమ కూడా లెక్కలోకి వస్తుంది. మీ రాడ్ చదివేది ముఖ్యంగా దూదిని, గింజ లోపలి తేమ దానికి సరిగా అందదు. కాబట్టి ఓవెన్ నంబర్, రాడ్ నంబర్ కలవకపోయినా ఎవరూ మోసం చేసినట్టు కాదు.

దోఖా_బంద్:
గింజ బరువు గూడ మేమే అమ్ముతున్నం గద మేడం, మరి గింజ తేమ ఎవరు చూడాలె?

బల్లార్షా_టీచర్:
ఇది మంచి ప్రశ్న, నాకు వెంటనే జవాబు తట్టలేదు.

కోర్పన_కాపూస్:
అప్‌డేట్. మీటర్ పుస్తకం దొరికింది, ఎండు బరువు మీది లెక్క అనే రాసి ఉన్నది, అంటె మేడం చెప్పినట్టు నా 10.3 కొంచెం తక్కువ చేసి సదువుకోవాలె, నాకే లాభం 😀. ఇగ నిన్న రెండో తీత పత్తి ట్రాలీకి ఎక్కించినంక నేనే తొమ్మిది జాగల గుచ్చిన, నాలుగు మూలలు, నాలుగు పక్కల నడుమ, ఒకటి నట్టనడుమ. అన్నింటికి ఒకటే లోతు, రాడ్‌కు ఎర్ర టేప్ చుట్టి ఆ గీత దాక. అదుముడు గూడ ఒక్కతీరే, రెండు కిలోల జొన్నల సంచి పెట్టి, చెయ్యి పెట్టలే. వరుసగ వచ్చినయి: 8.9, 9.1, 9.1, 9.4, 9.6, 9.6, 9.9, 10.2, 10.4. నట్టనడుమనే ఎక్కువ. అంటె లోపలే తేమ దాగుంటది, గ్రేడర్ కాకా అడుగుకు గుచ్చుడు కరెక్టే అని ఒప్పుకుంటున్న.

సాస్తి_ఇన్‌స్ట్రుమెంట్:
భలే చేసినవ్ అన్నా, జొన్నల సంచి నంబర్ వన్. గని నట్టనడుమ ఎన్నోది గుచ్చినవ్?

కోర్పన_కాపూస్:
ఆఖరిది.

పాత_గ్రేడర్:
తొమ్మిది నంబర్లు ఒక్కసారి గూడ కిందికి రాకుంట మెట్లెక్కినట్టు ఎక్కినయ్ తమ్మీ. నడుమ నడుమ రాడ్ తుడిచినవా, లేకుంటె పట్టీలకు అంటిన తడే పెరుక్కుంట పోయిందా?

కోర్పన_కాపూస్:
లే.