ఆకాశంలో సేంద్రియ పదార్థాలు దొరికాయంటే అక్కడ ప్రాణులు ఉన్నట్టేనా? (యూరియా బస్తా పందెం)

గుంటూరు ఎరువుల కొట్టు:

అందరికీ నమస్కారం. నేను చదివింది బీకాం. గుంటూరులో ఇరవై రెండేళ్లుగా ఎరువుల కొట్టు నడుపుతున్నాను. కొట్టులో ఎడమ గోడకు వేపపిండి, ఆముదం పిండి, వర్మీకంపోస్టు ఉంటాయి. వాటి పైన పచ్చరంగుతో ‘సేంద్రియ’ అని రాయించాను. కుడి గోడకు యూరియా, డీఏపీ, పొటాష్. వాటి పైన ఎర్రరంగుతో ‘రసాయన’.

మొన్న ప్రత్తిపాడు వైపు నుంచి మిరప రైతు ఒకాయన వచ్చారు. నాకు బాబాయి వరస. విత్తనాల పొట్లం చుట్టి ఇచ్చిన పాత పేపరు విప్పి, అక్కడే నిలబడి చదవడం మొదలుపెట్టారు. బెన్నూ అనే రాతి ముక్క గురించిన వార్త అది. చదివి, కళ్లజోడు పైకి నెట్టి, "ఒరేయ్ అబ్బాయ్, ఆకాశంలో తిరిగే రాయిలో సేంద్రియ పదార్థాలు ఉన్నాయట. పేడ లేకుండా సేంద్రియం ఎక్కడిదిరా? అక్కడ గొడ్డో గోదో ఉండి తీరాలి" అన్నారు.

పేపరువాళ్లు తప్పు రాసి ఉంటారు, రాతిలో సేంద్రియం ఎలా ఉంటుంది అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. కొట్టులో ఉన్న నలుగురూ రెండు పక్షాలయ్యారు. చివరికి ఒక యూరియా బస్తా పందెం. బస్తా ధర పెద్దదేమీ కాదు గానీ, పరువు సంగతి. సేంద్రియం అంటే ప్రాణి నుంచి వచ్చేదే కదా? ఇంకొకటి, అసలు అక్కడికి వెళ్లకుండానే నక్షత్రాల మధ్య ఉండే మబ్బుల్లో ఫలానా పదార్థం ఉందని కూడా చెబుతున్నారట. అది ఎలా తెలుస్తుంది? తెలిసినవారు నాకు అర్థమయ్యేలా చెప్పండి.

కృష్ణలంక శ్రోత:

రెండో ప్రశ్నకు నేను చెబుతాను. రేడియో ఉంది కదా, ముల్లు 837 దగ్గరికి తిప్పితే ఆకాశవాణి విజయవాడ కేంద్రం వస్తుంది. ఆ అంకె మీద ఆ కేంద్రమే. అణువులూ అంతే. మబ్బులో గిరగిర తిరుగుతూ, వేగం ఒక మెట్టు తగ్గినప్పుడల్లా ఒక రేడియో తరంగాన్ని వదులుతాయి. ఏ అణువు అంకెలు దానివి. నీటి ఆవిరిది 22.235 గిగాహెర్ట్జ్. ముందు ప్రయోగశాలలో అంకెలు కొలిచి పెట్టుకుని, తర్వాత ఆకాశం వైపు యాంటెన్నా తిప్పి వెతుకుతారు. ఫార్మాల్డిహైడ్ అనే కర్బన పదార్థాన్ని 1969లో ఇలాగే పట్టుకున్నారు. ఇప్పటికి నక్షత్రాల మధ్య దొరికిన అణువులు 300 దాటాయి.

ఒక్క అంకె కలిస్తే సరిపోదు, చాలా అంకెలు ఒకేసారి కలవాలి. గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం (ప్రోటీన్లు కట్టే ఇటుకల్లో ఒకటి) ఆ మబ్బుల్లో దొరికిందని 2003లో ప్రకటించారు. మిగతా అంకెలు కలవడం లేదని 2005లో వేరేవాళ్లు తేల్చారు.

అన్నట్టు, పాలపుంత నడిమి ప్రాంతం దగ్గర సజిటేరియస్ బి2 అనే పెద్ద మబ్బు ఉంది. అందులో సారా కూడా ఉంది, అంటే ఇథనాల్. 1975లో కనిపెట్టారు. ఈ సంగతి మీ బాబాయిగారికి చెప్పకండి.

బ్రాడీపేట మాస్టారు (రసాయన శాస్త్రం, రిటైర్డ్):

సారా ఉన్న మబ్బులోనే మిథనాల్ అనే విషం కూడా ఉంది. కాబట్టి అది కల్తీ సారా, జోలికి పోవద్దు.

ఇక ఎరువుల కొట్టు వారికి. మీ కుడి గోడ వైపు ఒకసారి చూడండి. ఎర్రరంగు కింద పేర్చిన ఆ యూరియా, మా లెక్కలో సేంద్రియ పదార్థమే! నవ్వకండి. ‘స’తో ‘ఇంద్రియం’ చేరితే సేంద్రియం, అంటే అవయవాలున్న ప్రాణికి చెందినది అని. ప్రాణశక్తి లేనిదే ఇలాంటి పదార్థాలు పుట్టవని ఒకప్పుడు యూరప్‌లో రసాయన శాస్త్రజ్ఞులు నమ్మేవారు. మూత్రంలో ఉండే యూరియాను 1828లో వోలర్ అనే జర్మన్ ప్రయోగశాలలో తయారుచేశాడు. మూత్రపిండం అవసరం లేకుండానే యూరియా చేయగలనని గురువు బెర్జీలియస్‌కు ఉత్తరం కూడా రాశాడు. నమ్మకం ఒక్కరోజులో పోలేదు గానీ, పగులు అక్కడే పడింది. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఇప్పుడు రసాయన శాస్త్రంలో సేంద్రియం అంటే కర్బనం వెన్నెముకగా ఉన్న పదార్థం, అంతే. అందుకే పాఠ్యపుస్తకాల్లో కర్బన రసాయన శాస్త్రం అంటున్నాం. వ్యవసాయంలో సేంద్రియం వేరు. పేపరు ఒక మాట వాడింది, మీ బాబాయిగారు ఇంకో అర్థంలో చదివారు.

ఆ యూరియా కూడా సజిటేరియస్ బి2 మబ్బులో ఉందని 2019లో ప్రకటించారు. అక్కడ గొడ్డూ లేదు, గోదూ లేదు.

ప్రాణి లేకుండా ఇవి ఎలా పుడతాయంటారా? 1953లో స్టాన్లీ మిల్లర్ ప్రకటించిన ప్రయోగం చూడండి. గాజు బుడ్డిలో మీథేన్, అమోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి నింపి వారంపాటు విద్యుత్తు మెరుపులు పంపాడు. నీళ్లు ముందు గులాబీరంగుకు, తర్వాత ముదురు ఎరుపుకు తిరిగాయి. పరీక్షిస్తే గ్లైసిన్, అలనైన్ అనే అమైనో ఆమ్లాలు ఉన్నాయి. భూమి మీద తొలి సముద్రం ఇలాంటి పదార్థాలతో పలుచని వేడి సూపులా ఉండేదని 1929లో హాల్డేన్ అనే బ్రిటిష్ జీవశాస్త్రజ్ఞుడు రాశాడు. మన మాటలో చారు అనవచ్చు. ఈ హాల్డేన్ తర్వాత మన దేశానికి వచ్చి, పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. క్లాసులో ఈ సంగతి చెబితే వెనక బెంచీ కూడా తలెత్తేది.

ఇక మీ పేపరులోని బెన్నూ. అది సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహశకలం. దాని నుంచి నాసా నౌక తెచ్చిన పొడి 121.6 గ్రాములు. ప్రాణులు వాడుకునే 20 అమైనో ఆమ్లాల్లో 14 అందులో ఉన్నాయి. డీఎన్ఏ, ఆర్ఎన్ఏలకు అక్షరాల్లాంటి ఐదు బేసులూ ఉన్నాయి. మరి ప్రాణి లేదని ఎందుకంటున్నాం? అమైనో ఆమ్లాలకు ఎడమ రూపం, కుడి రూపం అని ఉంటాయి, చెప్పుల జతలాగా (గ్లైసిన్‌కు మాత్రం ఈ తేడా లేదు). భూమి మీద ప్రాణులు తమ ప్రోటీన్లలో ఎడమ చెప్పే వాడతాయి. బెన్నూ పొడిలో రెండూ ఇంచుమించు సమానం. ఎవరూ ఏరుకోలేదన్నమాట. కొట్టులో ఎరువు ఉన్నంత మాత్రాన పొలంలో పైరు ఉన్నట్టా?

గుంటూరు ఎరువుల కొట్టు:

మాస్టారూ, యూరియా మాట చదివి కుర్చీలోంచి లేచి బస్తా దాకా వెళ్లి చూసొచ్చాను. ఇన్నేళ్లూ తెలియదు.

కానీ నా వృత్తిలో ముందు వచ్చే అనుమానం ఒకటే, కల్తీ. ఆ రాయి భూమి మీద పడ్డాక ఇక్కడి మట్టి, ఇక్కడి చేతులు తగిలి ఆ పదార్థాలు అంటుకోలేదని ఏమిటి నమ్మకం?

బ్రాడీపేట మాస్టారు:

అడగవలసిన ప్రశ్నే. ఈ రంగంలో పెద్ద కల్తీ ఒకటి జరిగింది కూడా. 1864 మేలో ఫ్రాన్సులో ఓర్గెయ్ అనే ఊరి దగ్గర ఉల్క పడింది. అందులో ఒక ముక్కను మ్యూజియంలో సీసాలో పెట్టి మూసేశారు. 1960లలో తీసి చూస్తే లోపల మొక్క గింజలు! అందరూ ఉలిక్కిపడ్డారు. నిదానంగా పరీక్షిస్తే, ఎవరో రాతిని నానబెట్టి మెత్తచేసి, గింజలు, బొగ్గు ముక్కలు కూరి, పైన జిగురు పూసి ఉల్క పెంకులా కనిపించేట్టు చేశారని తేలింది. ఉల్క పడిన 1864లోనే ఏప్రిల్‌లో, ప్రాణి దానంతట అది పుట్టదని పాశ్చర్ పారిస్‌లో ఉపన్యాసం ఇచ్చాడు. ఆయన్ను ఆటపట్టించాలని చేశారేమోనని ఒక ఊహ. చేసినవాడు దొరకలేదు.

1969 సెప్టెంబర్ 28న ఆస్ట్రేలియాలో మర్చిసన్ ఉల్క పడ్డప్పుడు త్వరగానే ఏరుకున్నారు. అందులో మన ప్రోటీన్లలో లేని అమైనో ఆమ్లాలు కూడా దొరికాయి. ఇక్కడి మట్టి నుంచి అంటుకుని ఉంటే అవి ఎక్కడినుంచి వస్తాయి? దాన్ని పరిశీలించిన బృందంలో శ్రీలంకలో పుట్టి, మద్రాసు విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదివిన సిరిల్ పొన్నంపెరుమా ఉన్నారు. బెన్నూ విషయంలో అసలు నేలమీద పడనివ్వలేదు. పెట్టెలో మూసి తెచ్చి, 2023 సెప్టెంబర్‌లో అమెరికాలోని యూటా ఎడారిలో దించి, నైట్రోజన్ నింపిన గాజు పెట్టెల్లోనే తెరిచారు. పైగా ఆ పొడిలోని నైట్రోజన్‌లో బరువైన రకం వాటా భూమి మీదకంటే ఎక్కువ. కల్తీ చేసేవాడు అది ఎక్కడినుంచి తెస్తాడు?

గుంటూరు ఎరువుల కొట్టు:

నిన్న సాయంత్రం బాబాయి వచ్చారు. మీరు రాసింది ఫోనులో చదివి వినిపించాను. గొడ్డూ గోదూ లేవన్నచోట ఆయన ఓడారు. పేపరువాళ్లు తప్పు రాశారన్నచోట నేను ఓడాను. మాస్టారు చెప్పినట్టు సగం సగం పంచుకుందాం అన్నారు. చెరి సగమని మాస్టారు ఎక్కడ చెప్పారని అడిగాను. "చెప్పలేదు, నేను చెబుతున్నాను" అన్నారు. సగం బస్తా డబ్బులు ఇచ్చి, మిగతా సగం ఖాతాలో రాయమన్నారు. రాశాను.

యూరియా బస్తాలు ఎడమ గోడకు మార్చమంటారేమో. అవి ఎర్రరంగు కిందే ఉన్నాయి.