మోనజైట్ నిలుస్తుంటే జిర్కాన్ ఎందుకు చెదురుతోంది?

అణు వ్యర్థాలను స్ఫటికాల్లో బంధించే పద్ధతుల గురించి చదువుతున్నాను; తెలిసినవారు ఒక సందేహం తీర్చగలరని మనవి.

భీమునిపట్నం తీరపు ఇసుకలో మోనజైట్ (థోరియం ఉండే ఫాస్ఫేటు ఖనిజం), జిర్కాన్ (జిర్కోనియం సిలికేటు ఖనిజం) రెండూ దొరుకుతాయి. భూతద్దం కింద తేనెరంగులో మెరిసే మోనజైట్ రేణువు, అంత థోరియాన్ని మోస్తూ కూడా కోట్ల ఏళ్లుగా స్ఫటికంగానే నిలిచి ఉండగా, యురేనియం ఎక్కువగా చేరిన జిర్కాన్ మాత్రం ఆల్ఫా క్షయంలో (కేంద్రకం ఆల్ఫా కణాన్ని వెలువరించినప్పుడు) వెనక్కి తన్నుకొచ్చే కేంద్రకాల తాకిడికి క్రమంగా అమరిక చెదిరి, ఉబ్బి, పగుళ్లిస్తుంది. ఫాస్ఫేటు తక్కువ వేడికే మళ్లీ కుదురుకుంటుందంటారు. సిలికేటుకు అది ఎందుకంత కష్టం?

నాకు మరీ ముఖ్యమైనది ఇది: 87.7 ఏళ్ల అర్ధాయువు గల ప్లుటోనియం-238ను కలిపి ప్రయోగశాలలో కొద్ది ఏళ్లలోనే కలిగించే నష్టాన్ని, ప్రకృతిలో నెమ్మదిగా, మధ్యమధ్య మానుతూ జరిగిన నష్టంతో పోల్చేటప్పుడు, ఆ మానిన భాగాన్ని ఎలా లెక్కగడతారు?