ఎడమ క్రాంకు కాటర్ పిన్ను 20 కిలోమీటర్లకే వదులవుతోంది

మాది నల్లగొండ. ఇంగ్లండులో తయారైన పాత టూరింగ్ సైకిల్ ఉంది నా దగ్గర. స్టీల్ ఫ్రేమ్, డ్రాప్ హ్యాండిల్, 27 × 1¼ టైర్లు, 9.5 ఎం.ఎం. కాటర్ పిన్నులతో (ఒక పక్క ఏటవాలుగా చదును చేసిన ఇనుప చీలలు) మధ్య యాక్సిల్‌కు బిగించే క్రాంకులు (పెడళ్లు ఉండే ఇనుప చేతులు). బేరింగులు విప్పి కడిగి గ్రీజు పెట్టాను, అవి బాగున్నాయి.

సమస్యంతా ఎడమ క్రాంకుతోనే. పానగల్లు చెరువు కట్ట దాకా వెళ్లొస్తే ఏమీ ఉండదు. నాగార్జునసాగర్ రోడ్డులో 15–20 కిలోమీటర్లు దాటాక, ఎత్తు ఎక్కేటప్పుడు ప్రతి చుట్టుకీ 'టక్' మంటుంది. ఆపి చేత్తో ఊపితే పెడల్ దగ్గర అర సెంటీమీటరు వదులు కదలిక కనిపిస్తుంది.

రెండు నెలల్లో మూడు కొత్త పిన్నులు మార్చాను. క్రాంకు కింద ఇనుప పైపు ఆనించి, సుత్తితో పిన్ను దిగ్గొట్టి, ఆ తర్వాతే నట్టు బిగించాను. 5 కిలోమీటర్లు తొక్కి మళ్లీ కొట్టి బిగించాను. అయినా అంతే. మూడో పిన్ను తీసి చూస్తే, దాని చదును ముఖం మొత్తం ఆనిన గుర్తే లేదు. సన్నటి కొస దగ్గర, ఒక అంచు మీద మాత్రం గోరంత మెరిసే నొక్కు పడింది. యాక్సిల్ మీది గాడి వేలితో తడిమితే నున్నగానే ఉంది.

క్రాంకులు, యాక్సిల్ అన్నీ తీసేసి కొత్త సెట్ వేద్దామంటున్నాడు మేస్త్రి. ఆ క్రాంకుల మీద క్రోమ్ పూత ఇప్పటికీ అద్దంలా ఉంది, పారేయడానికి నాకు మనసు రావట్లేదు.

పిన్ను ముఖం కోణం కుదరకే ఇలా అవుతోందా, లేక క్రాంకు రంధ్రమే అరిగిపోయిందా అన్నది ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?